చలాన్ పడ్డ మాడిఫైడ్ కారును మళ్లీ కంపెనీ రూపానికి తేవడం: విశాఖ వర్క్‌షాపుల్లో ఏ పని నమ్మొచ్చు, ఏది నిలబడి చేయించుకోవాలి

కారుకు హంగులు బిగించే డెకార్ షాపులు విశాఖలో ఏ పేటకు వెళ్లినా కనిపిస్తాయి. చలాన్ పడ్డాక ఆ హంగులు విప్పి "స్టాక్ చేసి", అంటే కంపెనీ నుంచి వచ్చినట్టు చేసి, "ఇచ్చేస్తాం" అనే వర్క్‌షాపులు మాత్రం ఎక్కువగా ఆటోనగర్, గాజువాక వైపు దొరుకుతాయి. ఈ సమీక్ష ఆ రెండో పని గురించి. షాపుల వారీగా కాకుండా పనుల వారీగా మార్కులు వేస్తున్నాం. ఒకే షెడ్డులో సైలెన్సర్ మేస్త్రి శుభ్రంగా పని చేస్తాడు, పక్కనే వైరింగ్ చూసే కుర్రాడు తెగిన వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి వదిలేస్తాడు. అందుకని షాపు పేరు చూసి నమ్మడం కన్నా, ఏ పని ఎవరి చేతికి ఇస్తున్నామో చూసుకోవడం మేలు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఇనుము పనిలో ఇక్కడి మేస్త్రీలు గట్టివాళ్లు. కటింగ్, వెల్డింగ్, టింకరింగ్, పెయింటింగ్ నమ్మకంగా అప్పగించవచ్చు. వైరింగ్‌కు సగం మార్కులే. హెడ్‌లైట్ ఎయిమింగ్, అంటే వెలుతురు గురి సరిచెయ్యడం, మీరు అడిగితే తప్ప చెయ్యరు. కాగితం పని దాదాపు సున్నా: బిల్లు సరిగా రాయరు, పాత పార్టులు అప్పగించరు, రేపు ఆర్‌టీఏ ఆఫీసులో ఏం చూపించాలో వాళ్లకే తెలియదు. ఆ బాధ్యత బండి యజమానే మోయాలి.

వర్క్‌షాపుకు వెళ్లే ముందు చేతిలో ఉన్నది ఏ కాగితమో చూసుకోండి. ట్రాఫిక్ పోలీసులు వేసేది ఈ-చలాన్. అది ఫొటోతో సహా ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. రవాణా శాఖ ఎంవీఐ, అంటే మన వాడుకలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్, రాసేది వీసీఆర్, అంటే వెహికల్ చెక్ రిపోర్ట్. అది శాఖ రికార్డులో బండి నంబరు మీద ఉండిపోతుంది. దాన్ని తేల్చకుండా ఓనర్‌షిప్ బదిలీ, రిజిస్ట్రేషన్ రెన్యూవల్ లాంటి పనులకు వెళ్తే అక్కడ ఆగిపోతారు. రెండిట్లోనూ జరిమానా అంకె కన్నా ముందు సెక్షన్ నంబరు చదవండి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చెప్పేది సూటిగా ఉంది: తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, సీ బుక్‌లో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ(4) ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. "ఒక్కో మార్పుకు" అన్న మాట ముఖ్యం. సైలెన్సర్, బుల్ బార్ (బంపరు ముందు బిగించే ఇనుప కడ్డీ), పెద్ద టైర్లు మూడూ ఉంటే లెక్క మూడు సార్లు పడవచ్చు. శబ్దం, పొగ, రోడ్డు భద్రత ప్రమాణాలు దాటితే 190(2): మొదటిసారి 10,000 వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ, పైగా లైసెన్సుకు మూడు నెలల అనర్హత. సైలెన్సర్‌ను తప్పించి పొగ వదిలే కటౌట్ ఉంటే 194ఎఫ్: మొదటిసారి 1,000, మళ్లీ దొరికితే 2,000. ఇవి చట్టంలోని మొత్తాలు. చలాన్‌లో పడే అంకె రాష్ట్రం నోటిఫై చేసిన కాంపౌండింగ్ మొత్తాన్ని, అంటే కోర్టుకు వెళ్లకుండా కట్టి తేల్చుకునే మొత్తాన్ని బట్టి ఉంటుంది.

చలాన్ కట్టేశాం కదా, ఇక ఎవరూ ఆపరు అని చాలామంది అనుకుంటారు. జరిమానా కట్టడం ఆ రోజు తప్పుకే చెల్లు. అదే సైలెన్సర్‌తో మళ్లీ బీచ్ రోడ్డెక్కితే మళ్లీ కొత్త కేసు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిపరిచింది: తయారీదారు మూల స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదంది. అంతకుముందు కొన్ని మార్పులకు వెసులుబాటు ఇచ్చిన కేరళ హైకోర్టు తీర్పును పక్కన పెట్టింది.

అద్దాల ఫిల్ముతో మొదలుపెడదాం, ఎక్కువ చలాన్లు తెచ్చేది అదే కాబట్టి. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 100 ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు రావాలి. డెకార్ షాపువాళ్లు ఈ అంకెలు పట్టుకునే "50 పర్సెంట్ ఫిల్మ్, ఏం కాదు సార్" అని అమ్ముతారు. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు చెప్పింది వేరు: ఆ శాతాలు కంపెనీలో తయారైన గాజువి, దాని మీద అతికించే ఫిల్ము ఎంత పల్చనిదైనా ఒప్పుకోరు. తర్వాత నిబంధన 100ను సవరించి ఐఎస్ 2553 రెండో భాగం (2019) ప్రమాణానికి సరిపడే సేఫ్టీ గ్లేజింగ్‌ను (ప్లాస్టిక్ పొరతో కూడిన భద్రతా గాజును) చేర్చారు. దాని ఆధారంగా 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఫిల్ముకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు ప్రింటు చూపించి ఫిల్ము అమ్మే షాపులున్నాయి. అది కేరళ హైకోర్టు మాట. మన రోడ్డు మీద ఆపిన ఎస్‌ఐ దాని ప్రకారం వదిలెయ్యాలని ఏమీ లేదు. పైగా ఆ తీర్పు కూడా ప్రమాణానికి తగ్గ మెటీరియల్ గురించే తప్ప ప్రతి నల్ల ఫిల్ము గురించీ కాదు.

తీసే పనిలో విశాఖ షాపులకు మంచి మార్కులు, ఒక్క వెనక అద్దం దగ్గర తప్ప. పక్క అద్దాలకు పద్ధతి సులువు: అద్దం కొంచెం దించి పై అంచు దగ్గర గోరుతో పట్టు దొరికించుకుని, హీట్ గన్ లేదా స్టీమర్‌తో వేడి చేస్తూ నెమ్మదిగా కిందికి లాగాలి. ఫిల్ము ఊడి జిగురు అద్దానికే ఉండిపోతే సబ్బు నీళ్లు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్. డోర్‌లోని పవర్ విండో స్విచ్చుల మీద ముందే తువ్వాలు కప్పించండి. నీళ్లు అందులోకి దిగితే ఫిల్ము తీయడానికయ్యే ఖర్చు కన్నా స్విచ్చుల ఖర్చు ఎక్కువ. వెనక అద్దంలో ఆవిరి పోగొట్టే డీఫాగర్ గీతలు ఉంటాయి, కొన్ని కార్లలో రేడియో యాంటెనా కూడా వాటిలోనే. అక్కడ బ్లేడు పెట్టనివ్వకూడదు. గీత ఒక్కచోట తెగినా ఆ వరస మొత్తం పనిచెయ్యదు. వేడి చేసి గీతల దిశలోనే, అంటే అడ్డంగా, లాగాలి. ఈ మాట చెప్పినప్పుడు కుర్రాడు బ్లేడు పక్కన పెడితే సరే, "పర్లేదు సార్, అలవాటే" అంటే ఆ అద్దం మాత్రం వేరే చోట తీయించుకోండి. పని అయ్యాక డీఫాగర్ ఆన్ చేసి, అద్దం మీద నోటితో ఆవిరి ఊది చూస్తే గీతలన్నీ పనిచేస్తున్నాయో లేదో అక్కడే తెలుస్తుంది.

సైలెన్సర్ పనిలో నేర్పు, మోసం రెండూ ఎక్కువే. పెట్రోలు కారులో ఇంజిన్ మానిఫోల్డ్ తర్వాత పొగలోని విషవాయువులు తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్, తర్వాత రెసొనేటర్, చివర మఫ్లర్ ఉంటాయి. ఈ చివరి రెండూ శబ్దం తగ్గించేవి. కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లు. చాలామంది మార్పించేది చివరి మఫ్లర్‌నే. దాన్ని వెనక్కి తేవడం సులువు: ఒరిజినల్ మఫ్లర్ మీ దగ్గరుంటే ఫ్లాంజ్ గాస్కెట్ కొత్తది వేసి, రబ్బరు హ్యాంగర్లు మార్చి బిగిస్తే పూట పని. కానీ మార్పించిన రోజే ఒరిజినల్ పార్టును షాపులో వదిలేసి వచ్చేవాళ్లే ఎక్కువ. తీసిన ప్రతి కంపెనీ పార్టూ ఆ రోజే ఇంటికి తెచ్చుకుని ఉండాలి. లేదంటే షోరూం స్పేర్స్ కౌంటర్‌లో కొత్తది కొనాలి, లేదా స్క్రాప్‌లో అదే మోడల్‌ది వెతకాలి. స్క్రాప్ మఫ్లర్ కొనేటప్పుడు ఊపి చూడండి. లోపల గలగల చప్పుడొస్తే శబ్దం ఆపే బాఫిల్ ప్లేట్లు ఊడినట్టు.

ఇక్కడి వెల్డింగ్ బాగుంటుంది గానీ మెటీరియల్ దగ్గర పొదుపు చేస్తారు. కంపెనీ పైపు సాధారణంగా స్టెయిన్‌లెస్ లేదా అల్యూమినియం పూత ఉన్న ఉక్కు. దానికి మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపు ముక్క అతికి పైన సిల్వర్ పెయింట్ కొడితే చూడ్డానికి కొత్తగానే ఉంటుంది. ఉప్పు గాలి ముందు తినేది ఆ అతుకునే. భీమిలి రోడ్డు, రుషికొండ వైపు ఉండేవాళ్లు ఈ విషయంలో అస్సలు రాజీ పడకూడదు. స్టెయిన్‌లెస్ పైపు, ఆర్గాన్ వెల్డింగ్, స్టెయిన్‌లెస్ ఫిల్లర్ రాడ్ అని పేరు పెట్టి అడగండి, బిల్లులో రాయించండి. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీయించాలి, ఆక్సిజన్ సెన్సర్ కనెక్టర్లు విప్పించాలి. ఇది చెప్పకుండానే చేసే మేస్త్రి దొరికితే ఆయన్ని వదులుకోవద్దు. పని అయ్యాక ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, పొగ గొట్టం చివర మందపాటి గుడ్డ రెండు మూడు సెకన్లు అడ్డుపెట్టండి. జాయింటు లీకైతే బుస్సుమనే శబ్దం అక్కడ వినిపిస్తుంది.

కన్వర్టర్‌నే కోసేసిన కార్ల సంగతి వేరు. అందులో ప్లాటినం, పలాడియం, రోడియం ఉంటాయి కాబట్టి తుక్కుగా కూడా దానికి ధర ఉంది. తీసినవాడు మళ్లీ ఇవ్వడు. అప్పుడు వర్క్‌షాపు రెండు దారులు చూపిస్తుంది. ఒకటి కొత్త కన్వర్టర్, ఖరీదైనది. రెండోది లోపల ఏమీ లేని డొల్ల డబ్బా వెల్డ్ చేసి, వెనక ఆక్సిజన్ సెన్సర్‌ను స్పేసర్ పెట్టి గొట్టంలోంచి కొంచెం బయటికి జరపడం. చెక్ ఇంజిన్ లైటు వెలగదు కాబట్టి అంతా సరిపోయినట్టు కనిపిస్తుంది. ఈ రెండో దారికి మేము గట్టిగా వద్దంటాం. పొగ పరీక్షలో అది నిలబడదు: బీఎస్-4, ఆ తర్వాతి కాలుష్య ప్రమాణాల పెట్రోలు కారు ఐడిల్‌లో (కారు కదలకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హెచ్‌సీ, అంటే కాలని ఇంధనం 200 పీపీఎం దాటకూడదు. 2,500 ఆర్‌పీఎం దగ్గర సీఓ 0.2 శాతం లోపు, లాంబ్డా (గాలి-ఇంధనం పాళ్ల లెక్క) 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. పైగా ఆ పొగ పీల్చేది మన వీధిలోవాళ్లే. నిజమైన కన్వర్టర్ వేశారో లేదో తెలుసుకోవడానికి స్కానర్ లైవ్ డేటాలో వెనక సెన్సర్ వోల్టేజీ చూడండి. ఇంజిన్ వేడెక్కాక అది 0.6, 0.7 వోల్టుల దగ్గర దాదాపు నిలకడగా ఉండాలి. మామూలు ముందు సెన్సర్‌లా 0.1కీ 0.9కీ మధ్య కొట్టుకుంటూ ఉంటే కన్వర్టర్ పనిచేయనట్టే. కోడ్ చెరిపేసి లైటు ఆర్పి చూపించడం పరీక్ష కాదు. చెరిపితే కారు తనను తాను పరీక్షించుకునే మానిటర్లన్నీ మళ్లీ మొదటికొస్తాయి, కొంత దూరం తిరిగాక గానీ అసలు సంగతి బయటపడదు.

డీజిల్‌లో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఖాళీ చేసి, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూలో ప్రోగ్రాం మార్పించినవాళ్లకు, అంటే రీమ్యాప్ చేయించినవాళ్లకు ఖర్చు ఇంకా ఎక్కువ. కొత్త డీపీఎఫ్ ఒక్కటి వేస్తే చాలదు, కంపెనీ మ్యాప్ కూడా తిరిగి ఎక్కించాలి. లేకపోతే ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చే రీజెనరేషన్ జరగదు, ఫిల్టర్ కొద్ది వారాల్లో మూసుకుపోతుంది. రీమ్యాప్ చేసినవాళ్లు ఒరిజినల్ ఫైలు దాచి ఉంచుతారు. ముందు దాన్ని అడగండి. వాళ్ల దగ్గర లేకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్ ఒక్కటే దిక్కు. డీపీఎఫ్ నిజంగా ఉందో లేదో స్కానర్‌లో డిఫరెన్షియల్ ప్రెషర్, అంటే ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒత్తిడి తేడా, చెబుతుంది. ఇంజిన్ గట్టిగా తిప్పినా అంకె సున్నా దగ్గరే ఉంటే లోపల డొల్ల.

లైట్లలో విశాఖ వర్క్‌షాపులు ఎక్కువ నిరాశ పరుస్తాయి. చాలా కార్ల హెడ్‌లైట్లో ఉండే హెచ్4 రకం బల్బుకు అనుమతించిన శక్తి హై బీమ్‌కు 60, లో బీమ్‌కు 55 వాట్లు. దాని స్థానంలో 100/90 బల్బు, హెచ్‌ఐడీ కిట్టు, ఎల్‌ఈడీ బల్బు వేయించుకున్నవాళ్లు స్టాక్‌కు రావాలంటే బల్బు మారిస్తే సరిపోతుందనుకుంటారు. ఎల్‌ఈడీ ఎందుకు ఎదుటివాడి కళ్లలో కొడుతుందంటే, రిఫ్లెక్టర్ గిన్నెను ఫిలమెంట్ ఉండే చోటును బట్టి లెక్కగట్టి తయారు చేస్తారు. చిప్ ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా కట్-ఆఫ్ గీత, అంటే వెలుతురు పై అంచు, చెదిరిపోయి వెలుతురు పైకి లేస్తుంది. సిటీలో ఎవరూ పట్టించుకోకపోవచ్చు. అరకు ఘాట్‌లో మలుపు తిరిగి పైకెక్కే బండి లైటు ఎదురొచ్చే డ్రైవరు కళ్లలోనే పడుతుంది. ఈ ఒక్క విషయంలో పోలీసులు ఇంకా గట్టిగా ఉండాలన్నది మా కోరిక.

బల్బు మార్చడం అసలు పనిలో చిన్న భాగం. ఎక్కువ వాట్ల కోసం వేసిన రిలే హార్నెస్ (అదనపు వైర్ల కట్ట), బ్యాటరీ నుంచి లాగిన ఫ్యూజు లేని వైరు, తెగ్గోసిన కంపెనీ కనెక్టరు, వాటిని సరిచెయ్యడమే అసలు పని. ఇక్కడి షాపుల్లో ఎక్కువగా జరిగేది: బల్బు మార్చి, హార్నెస్ అలాగే వదిలేసి, ఖాళీ కొసలకు టేపు చుట్టడం. సముద్రం గాలికి ఆ టేపు కింద రాగి పచ్చబడి పొడిగా రాలుతుంది, వోల్టేజీ పడిపోతుంది, లైటు మసకబారుతుంది. ఒక వానాకాలం గడిచాక ఎక్కడ షార్ట్ అయ్యిందో వెతకడానికే రోజు పడుతుంది. అడగాల్సింది ఇది: అదనపు హార్నెస్ మొత్తం బయటికి రావాలి. తెగిన కనెక్టరు స్థానంలో కొత్తది సోల్డర్ చేసి, జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్ వెయ్యాలి. ఫ్యూజు బాక్సులో కారు మాన్యువల్‌లో రాసిన ఆంపియర్ల ఫ్యూజులే ఉండాలి. దీనికి వర్క్‌షాపు కుర్రాడి కన్నా విడిగా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లడం మంచిది. ఆటోనగర్‌లో వాళ్లకు కొదవ లేదు.

ఆ తర్వాత ఎయిమింగ్. టైర్లలో గాలి సరిగా ఉంచి, డ్రైవరు సీట్లో ఒకర్ని కూర్చోబెట్టి, లైట్ల ఎత్తు మార్చే లెవెలర్ చక్రం సున్నా మీద పెట్టి, చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో కారు ఆపాలి. హెడ్‌లైట్ మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో గోడ మీద గుర్తు పెట్టాలి. ల్యాంప్ మీదున్న స్టిక్కర్‌పై 1.0 శాతం అని ఉంటే లో బీమ్ కట్-ఆఫ్ ఆ గుర్తుకు 10 సెంటీమీటర్లు కింద పడాలి, 1.2 అని ఉంటే 12 సెంటీమీటర్లు. ఇది పావుగంట పని, ఖర్చు ఏమీ లేదు, అయినా అడక్కుండా చేసే షాపు అరుదు. ఎరుపు, నీలం మెరుపు లైట్లు, బంపరు కింద స్ట్రోబ్‌లు ఉంటే వైర్లతో సహా తీసెయ్యాలి. కంపెనీ పై వేరియంట్‌లో ఇచ్చే ఫాగ్ ల్యాంపులు, అదే బ్రాకెట్, అదే స్విచ్చుతో వేసుకున్నవి ఉంచుకోవచ్చు. శీతాకాలంలో లంబసింగి పొగమంచులోకి వెళ్లేవారికి అవి నిజంగా పనికొస్తాయి.

బుల్ బార్ మీద కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు ఉత్తరం రాసింది, సెక్షన్ 52 కింద చర్య తీసుకోమని. ముందు భాగం నలిగి దెబ్బను మింగేలా కారును తయారు చేస్తారు. బార్ ఆ దెబ్బను నేరుగా చాసిస్ కొమ్ములకు పంపుతుంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సరు లెక్క తప్పుతుంది. నడిచివెళ్లేవాళ్లకు తగిలితే ప్రాణాల మీదికే. తీసే పని ఇక్కడ చాలా బాగా చేస్తారు. మేస్త్రి బార్ విప్పాక చాసిస్ కొమ్ముల మీద డ్రిల్లింగ్ కన్నాలు మిగిలాయేమో మీరే వంగి చూడండి. ఉంటే తుప్పు గీకి, జింక్ ప్రైమర్ కొట్టి, సీలెంట్‌తో మూయించాలి. బంపరు తొడిగేటప్పుడు విరిగిన క్లిప్పుల స్థానంలో కొత్తవి వెయ్యమనండి. నాలుగు క్లిప్పులు తక్కువగా బిగించిన బంపరు హైవే మీద అదురుతుంది. చివరగా డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు ఇగ్నిషన్ వేయగానే వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోతోందా చూడాలి. అసలు వెలగకపోతే ఎవరో బల్బు పీకేసి ఉండొచ్చు.

టైర్లు, రిమ్ముల దగ్గర గొడవ తక్కువ, లెక్క ఎక్కువ. ఉదాహరణకు 185/65 ఆర్15 టైరు మొత్తం వ్యాసం 621.5 మి.మీ. దాని బదులు 195/55 ఆర్16 వేస్తే 620.9, తేడా లేనట్టే. 205/55 ఆర్16 అయితే 631.9, అంటే 1.7 శాతం ఎక్కువ. 215/60 ఆర్17 వేస్తే 689.8, ఏకంగా 11 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు 90 చూపిస్తున్నప్పుడు బండి 100 దాకా పోతుంటుంది, మలుపులో టైరు ఫెండర్ లైనింగ్‌కు రాసుకుంటుంది. మీ మోడల్ పై వేరియంట్‌కు కంపెనీయే ఇచ్చే సైజు అయితే వాదించుకోవడానికి ఆధారం ఉంటుంది. అంతకు మించి వెళ్తే ఉండదు. ఫెండరు దాటి బయటికి పొడుచుకొచ్చిన చక్రం, దాన్ని బయటికి జరిపే స్పేసర్లు చెకింగ్‌లో మొదట కంటపడతాయి. సైజుతో పాటు టైరు మోయగల బరువు చెప్పే లోడ్ ఇండెక్స్ చూడండి: 88 అంటే టైరుకు 560 కిలోలు, 86 అంటే 530. కంపెనీ ఇచ్చిన దానికన్నా తక్కువ ఉండకూడదు. స్టాక్ రిమ్ములకు తిరిగొచ్చేటప్పుడు నట్లు కూడా పాతవే కావాలి. అల్లాయ్ నట్టు అంచు, స్టీల్ రిమ్ము నట్టు అంచు ఒకేలా ఉండకపోవచ్చు. స్ప్రింగులు కోయించి కారును కిందికి దించినవాళ్లు నాలుగూ కొత్తవి వేయించాలి. కోసిన స్ప్రింగును సాగదీసి ఇస్తామనే షాపు గుమ్మం కూడా తొక్కొద్దు.

హారను సంగతి రెండు ముక్కల్లో: ఎయిర్ హారను, రాగాలు పలికే మల్టీటోన్ హారను రెండూ నిబంధన 119కి విరుద్ధం. కంపెనీ హారను, దాని రిలే తిరిగి పెట్టడం అరగంట పని.

నంబరు ప్లేటు మాత్రం వర్క్‌షాపులో చేయించకండి. హై సెక్యూరిటీ ప్లేటు 2019 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త బండ్లన్నిటికీ తప్పనిసరి. క్రోమియం హోలోగ్రామ్, లేజర్ అంకెలు, స్నాప్ లాక్ ఉన్నదే అసలుది. దాని మీద యాక్రిలిక్ ఫ్రేము బిగించి సగం అక్షరం మూసినా, ఫ్యాన్సీ అక్షరాల ప్లేటు వేసినా చలాన్ ఖాయం. కొత్త బండికి డీలరు దగ్గరే ఆర్డరు పెట్టాలి. పాత ఏపీ 31 ప్లేట్లను స్టిక్కర్ కటింగ్‌తో రాయించేవాళ్లు కారుకు అక్షరం ఎత్తు 65 మి.మీ., మందం 10, మధ్య ఖాళీ 10 అని గుర్తుంచుకోవాలి.

ఒంటినిండా రంగు మారేలా అతికించే స్టిక్కర్ పొర, అంటే వ్రాప్ కూడా సీ బుక్‌లోని రంగుకు తేడా తెస్తుంది. తీయడం సులువే, ఒకప్పుడు టింకరింగ్ అయి రీపెయింట్ చేసిన ప్యానెల్ మీద తప్ప. అక్కడ వ్రాప్‌తో పాటు క్లియర్ కోటు లేచి వస్తుంది. ఏ ప్యానెల్ రీపెయింట్ అయ్యిందో ముందే చెప్పాల్సింది మీరే.

కొన్నిటిని విప్పడం కాదు, నమోదు చేయించడమే దారి. సీఎన్‌జీ కిట్టు ఆమోదం పొందినదై, అధీకృత కేంద్రంలో బిగించి ఉంటే దాన్ని సీ బుక్‌లో ఎక్కించుకోవాలి, సిలిండరుకు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు చేయించాలి. దివ్యాంగులు నడపడానికి చేసే మార్పులకు కూడా చట్టంలో దారి ఉంది. ఇంజిన్ మార్చిన పాత జీపుల సంగతి వర్క్‌షాపులో తేలదు. ఇంజిన్ నంబరు సీ బుక్‌తో కలవాలి. కలవకపోతే పార్టుల మీద ఖర్చు పెట్టే ముందే ఆర్‌టీఏలో అడగడం నయం.

పనుల వరస కూడా ముఖ్యం. ముందు బుల్ బార్, సైలెన్సర్. తర్వాత స్ప్రింగులు, టైర్లు, వీల్ అలైన్‌మెంట్. కారు ఎత్తు మారాక లైట్ల గురి మారుతుంది కాబట్టి ఎయిమింగ్ వాటి తర్వాతే. ఫిల్ము ఎప్పుడైనా సరే. పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రం సైలెన్సర్ పని అయ్యాకే కొత్తది తీయించుకోండి. పాతది చెల్లుబాటులో ఉన్నా, అది పాత సైలెన్సర్ నాటిది.

రేటు విషయంలో "మొత్తం ప్యాకేజీ" అన్న మాటకు ఒప్పుకోకండి. మేస్త్రి లేబరు వేరు, పార్టులు వేరు, ఏ పార్టు కంపెనీదో ఏది లోకలో వేరువేరుగా రాయించండి. ప్యాకేజీలో కోత పడేది ఎప్పుడూ వైరింగ్ దగ్గరే, పైకి కనబడదు కదా. లోహం పని ఒక చోట, వైరింగ్ ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర, ఎయిర్‌బ్యాగ్, ఈసీయూ సంగతులు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేయించుకుంటే తిరుగుడు ఎక్కువైనా, పని మళ్లీ చేయించుకునే అవసరం రాదు.

బిల్లు మీద బండి నంబరు, తేదీ, "ఫలానా పార్టు తొలగించి ఒరిజినల్ బిగించాం" అన్న లైను ఉండాలి. పని ముందు, తర్వాత నంబరు ప్లేటు కనిపించేలా ఫొటోలు తీసుకోండి. వీసీఆర్ ఉంటే వీటితో పాటు బండిని మాధవధార ఆర్‌టీఏ ఆఫీసుకు తీసుకెళ్లి, తనిఖీ చేయించి, రికార్డులో కేసు తేలిందో లేదో పరివాహన్ వెబ్‌సైటులో చూసుకున్నాకే కారు అమ్మకం సంగతి ఎత్తండి. సీ బుక్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజీలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ చూపిస్తే చాలు, నిబంధన 139 దానికి ఒప్పుకుంటుంది. బిల్లు, ఫొటోలు మాత్రం డ్యాష్‌బోర్డులో కాగితం మీదే ఉంచండి. రాత్రిపూట చెకింగ్‌లో టార్చి లైటు కింద కారు చుట్టూ తిరిగి చూసే ఎస్‌ఐకి ఫోన్ గ్యాలరీలో వెతికి చూపించడం కన్నా అది తేలిక.